దత్తత కబురు పంచుకునే ముందు

సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు శిశుగృహ నుంచి బిడ్డను తెచ్చి పెంచుకోవాలనుకునే దంపతులు, దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ ‘కారా’ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఇంటి పరిశీలన, ఏళ్ల ఎదురుచూపు, ఆపైన బిడ్డ వివరాలు. సరేననడానికి 48 గంటలు. 2022 సెప్టెంబరు నుంచి తుది ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, కలెక్టర్. సంరక్షణ అవసరమైన బిడ్డ పేరు, ఫొటో బయటపెడితే, 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అయితే తమ నిరీక్షణ గురించి, ఫైళ్ల గురించి, బంధువుల మాటల గురించి తల్లిదండ్రులు రాయాలి. అదే దారిలో ఉన్నవాళ్లకు అది కొండంత ధైర్యం. కన్నతల్లి ఎవరు, బిడ్డ ఎలా శిశుగృహకు చేరింది అన్నవి మాత్రం బిడ్డ సొంత సంగతులు. ఊరికంటే ముందు బిడ్డే వాటిని అమ్మానాన్నల నోట వినాలి. ‘పసిపాప ఉంది, పెంచుకుంటారా’ అని వాట్సాప్‌లో ఎవరైనా బేరం పెడితే అది దత్తత కాదు, నేరం. వెంటనే బాలల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయాలి.