ఆకు రాల్చు బదనిక

చెట్టుమీద మొలచు మొక్కనెల్ల మనవారు బదనిక యందురు. సంస్కృతమున దీనికి వృక్షాదని, వృక్షరుహ యను పేరులు గలవు. చెట్టును తినునది యని మొదటి దాని యర్థము, చెట్టుపై మొలచునది యని రెండవదాని యర్థము. మామిడికొమ్మలో వేరు దించి రసము పీల్చు బదనికకు మొదటి పేరే తగును. ఆర్కిడ్డునకు మాత్రము రెండవదే న్యాయము. అది కొమ్మను ఆసనముగా గొని వానతోను గాలిలోని తేమతోను బ్రతుకును.

మా నల్లగొండ యింటి పంచలో వ్రేలాడునది యిట్టిదే. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గు దొర తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున 1795లో దీనిని వర్ణించి, "అఫిల్లం", అనగా ఆకులేనిది, అని పేరిడెను. నేటి శాస్త్రజ్ఞులు డెండ్రోబియం అఫిల్లం అందురు. తూర్పు కనుమలలో నిది సహజముగా పెరుగును. మేము పెంపకపు తోటలో కొంటిమి. అడవినుండి ఊడబెరికి తెచ్చుట మొక్కలపై ప్రీతి గాదు.

చలికాలమున దీని యాకులు పండి రాలి, బోసికాడలు మిగులును. వాకిట మోడు వ్రేలాడుట కీడని మా మేనత్తగారనిరి. ఆమె పదునెనిమిదవ యేట భర్తను కోల్పోయినవారు. ఆ "మోడు" అను మాటను ఆమెను గూర్చియే చుట్టములు వాడగా మేము బాల్యమున విన్నారము. అది యామె నోటనే వెలువడుట మాకు దుస్సహమయ్యెను. కాడను ముట్టి చూడుడని మాత్రము వేడితిమి. అది పచ్చగా, గట్టిగా నుండెను. పొరుగింటి యిల్లాలు మరియొక విధమున కరుణించి దినమునకొక చెంబెడు నీరు పోయుచు వచ్చినది. నిద్రించు మొక్కకు నీరు మిక్కుటమైనచో వేళ్లు క్రుళ్లును, లేదా పూవులు రావలసిన కణుపులయందు పిల్లమొక్కలు పుట్టును. పై కణుపులు రెంటిలో నట్లే జరిగెను. తక్కిన కణుపులు ఫాల్గుణమున లేత యూదారంగు పూలతో నిండెను. మేనత్తగారు దినమంతయు ఆ పంచ విడువలేదు.

కుండ మార్చుటకు పూలు పోయి అడుగున క్రొత్త మొలక అంగుళమెత్తు లేచి, దాని వేళ్లు సాగకమునుపే తగిన సమయము. చిల్లులు గల చిన్న మట్టికుండలో బొగ్గు, ఇటుకముక్కలు, కొబ్బరిడొక్క వేయవలెను. వేళ్లకు గాలి కావలెను గనుక మన్ను కూడదు. క్రుళ్లిన వేళ్లను మాత్రమే కత్తిరింపవలెను. ఆకులేని కాడలను కోయరాదు, క్రొత్త మొలక వానిలో దాచిన యాహారముతోనే పెరుగును. మా జిల్లా బావినీటి ఉప్పు, ఫ్లోరైడు మనుష్యుల యెముకలకే చేటు. మొక్క వేళ్లపై ఆ యుప్పు తెల్లగా పేరుకొనును. కావున వాననీరు పట్టి యుంచితిమి.

ఈ పనియంతయు మేనత్తగారే చేసిరి. పిల్లమొక్కలలో నొకటి మహబూబ్‌నగరులోని తమ చెల్లెలింటికి పంపిరి. ఆకులు రాలినపుడు నీరు పోయవద్దనియు, పారవేయవద్దనియు చీటి వ్రాసి దాని మెడకు గట్టిరి.