పడవ యెంత మోయును?

రేవునకుఁ బోయినపుడు మనము చంటిబిడ్డను జూచుకొందుము, మూటలు లెక్కించుకొందుము. కాని నీటికిని పడవ యంచునకును నడుమ నెంత యెడమున్నదో చూడము. అది పడవవాని పని యని యూరకుందుము. ఆ లెక్క వంటయింటి లెక్కలకన్నఁ గఠినమైనది కాదని మేము విన్నవించుచున్నాము.

నీట మునిఁగిన వస్తువును, అది తొలఁగించిన నీటి బరువెంతయో అంత బలముతో నీరు పైకి నెట్టునని క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమున సిరాక్యూసు నగరవాసి యగు ఆర్కిమిడీసు తెలిపెను. లీటరు మంచినీరు ఒక కిలో తూఁగును. ఈ రెండు మాటలు తెలిసినఁ జాలును. తక్కినది కూడికయుఁ దీసివేతయు మాత్రమే.

అంచువఱకు లీటరు పట్టు గిన్నె 200 గ్రాములు తూఁగుననుకొనుఁడు. దానిని నీటితొట్టిలోఁ దేల్చి, అన్ని వైపుల సమముగా నిసుక పోయుఁడు. సుమారు 800 గ్రాములు పడునప్పటికి నీరు అంచు నంటును. ఆ పైని గుప్పెడు పోసిన గిన్నె మునుఁగును. మా యింటఁ బిల్లలకు దీనినే చూపితిమి. మఱల చెప్పవలసిన పని లేకపోయెను.

పడవయు నట్టి గిన్నెయే. గోదావరి రేవులలో జనులను దాఁటించు పంటు నెఱుఁగుదురు గదా. 8 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల చదునైన పంటు ఒక్క సెంటీమీటరు క్రుంగవలెనన్న 240 లీటర్ల నీరు తొలఁగవలెను. అది 60 కిలోల మనుష్యులు నలుగురి బరువు. నలువదిమంది యెక్కినచో పది సెంటీమీటర్లు క్రుంగును. కావున పడవ ప్రక్కను గీఁత గీచి, నీరు దానిని దాఁటరాదని కట్టడి చేయవచ్చును. ఇంగ్లండులో సామ్యూల్ ప్లిమ్‌సాల్ అనునతని పట్టుదలచే 1876లో ఓడలకు గీఁత తప్పనిసరి యయ్యెను. కాని దాని నెచ్చట గీయవలెనో యోడల యజమానుల యిష్టమునకే విడిచిరి. ఆ లోపము 1890 నాఁటి చట్టముతోఁ దీఱెను.

లెక్కకు సరిపోయినంతమాత్రమున భయము లేదనరాదు. అలలు లేచినను, అందఱు నొక్క ప్రక్కకు జరిగినను తేలిక పడవయు నొరగును. అందుచేతనే అంచునకును నీటికిని నడుమఁ గొంత యెడము విడువవలెను; ఎక్కినవారు కదలక కూర్చుండవలెను.

గీఁత మునిఁగిన పడవను మగవా రెక్కిరి గదా యని మనమును బిడ్డల నెత్తుకొని యెక్కుట తగదు. "మేము తరువాతి పడవకు వత్తు"మని చెప్పుటకు సిగ్గుపడ నక్కఱలేదు. ఎండలో గంటసేపు నిలుచుట కష్టమే. అయినను నీరు మన మొగమాటమును జూచి బరువు తగ్గించుకొనదు.