తీగ చివరనున్న యిల్లు

మా యిల్లు గ్రామమునకు వెలుపల, చెఱువుకట్ట కావల నున్నది. టెలిఫోను కేంద్రమునుండి పొలముల కడ్డముగా నడచినచో మూడు కిలోమీటర్లే. కాని తీగ పొలముల కడ్డముగా రాదు గదా! అది రోడ్డు వెంబడి వచ్చి, సంతబయలు చుట్టి, కట్ట యెక్కి దిగి, అయిదు కిలోమీటర్లకు పైగా సాగి మా వసారాగోడను చేరును.

2009వ సంవత్సరమున మా అన్నగారు కువైటులో నుండిరి. నాలుగేండ్లుగా అమ్మ ఆయన మొగము చూచి యెఱుగదు. "వాడు చిక్కిపోయినాడో యేమో, గొంతునుబట్టి యెట్లు తెలియును?" అని యనుచుండెడిది. ఇంటర్నెట్టున్నచో ఒకరి నొకరు చూచుచు మాటలాడవచ్చునని విని, మేము బ్రాడుబ్యాండునకు దరఖాస్తు పెట్టితిమి. దూరము హెచ్చు గనుక వీలుపడదని రెండుమారులు త్రిప్పిపంపిరి. ఈ పాఠశాలలోనే లెక్కలు చెప్పిన మా నాన్నగారు మూడవమారు స్వయముగా పోయి బల్లయొద్ద నిలుచుండగా మోడెము నిచ్చిరి. "పని చేయకున్న మమ్మనవద్దు" అనియు ముందే చెప్పిరి.

పని చేయలేదు. దీపము రెండు నిమిషములు నిలిచి మరల ఆఱిపోవుచుండెను.

ఇచ్చట సంగతి కొంచెము వివరింపవలెను. టెలిఫోనులో మాట తెలియుటకు సెకనునకు 300 మొదలు 3,400 వఱకు గల కంపనములు చాలును. ఏడీఎస్ఎల్ అను పద్ధతి అదే రాగితీగలో, మాటకు పైనున్న ఖాళీస్థలమును సుమారు పదునొకండు లక్షల కంపనముల వఱకు వాడుకొనును. అందుచేత మాటయు ఇంటర్నెట్టును ఒకే జంటతీగపై ఒకదాని నొకటి చెఱుపక నడచును. అయితే కంపనము హెచ్చినకొలది రాగిలో త్వరగా క్షీణించును. కేంద్రము ప్రక్కయింటికి అన్నియు చేరును. మావంటివారికి అడుగున నున్నవియే మిగులును. విందులో కడపటి పంక్తివారి విస్తళ్లవలె!

ఒక వృద్ధుడైన లైనుమాను మాయందు దయతలచి రెండుదినములు తీగవెంట నడచెను. మూతపడిన బియ్యపుమరకు పోవు పాతకొమ్మ యొకటి సంతబయలులో మా తీగను అంటియే యుండెను. పాడుబావిలో వేసిన కేకవలె కంపనములు దాని చివరకుపోయి మరలివచ్చి, అసలువానిని చెడగొట్టుచుండెనట. కట్టమీది అతుకునకు చిలుము పట్టియుండెను. "మాటకు ఈ లోపములు లెక్కకు రావు మాస్టరుగారూ, దీనికి వచ్చును" అని చెప్పి, కొమ్మను కోసి, అతుకు క్రొత్తగా వేసి, మజ్జిగ మాత్రము త్రాగి వెళ్లెను.

ఆ సాయంకాలము దీపము నిలిచెను. 2004వ సంవత్సరపు ప్రభుత్వవిధానము బ్రాడుబ్యాండునకు కనీసముగా నిర్ణయించిన 256 కిలోబిట్లకు మించి మాకు రాలేదు. బొమ్మ గళ్లుగళ్లుగా వచ్చి నిలిచిపోవుచుండెను. అయినను అన్నగారు కనబడిరి. "గడ్డ మెందుకు పెంచితివిరా?" అని అమ్మ యడిగెను. పిమ్మట లేచి, దీపము దగ్గఱకు జరిపి, తన మొగము వానికి కనబడుచున్నదా యని మమ్ము అడిగెను.

కట్టదిగువ పాలెమునకు టెలిఫోను తీగయే లేదు. అచ్చటి తల్లులు ముగ్గురు, వారి కుమారులును గల్ఫుదేశములలో నుండుటచేత, ఆదివారము ప్రార్థన పిమ్మట మా వసారాకు వచ్చుచుండిరి. వంతులవారీగా కూర్చుండి మాటలాడుకొని పోవుచుండిరి. వానలకు తీగ తడిసి దీపము నిలువని వారములలో అమ్మ వారికి కాఫీ యిచ్చి, మరుసటి యాదివారము రండని చెప్పి పంపుచుండెడిది.