దారి పొడుగైతే ఆగిపోయేది చివరి గూడెమే

ఈసారి పోస్టు కంప్యూటర్ గురించి. కంప్యూటర్ మన సబ్జెక్టు కాదు అనుకునేటోళ్లు కూడా జర ఓపికతో చదవాలె. ఇందులో పోడు భూముల ముచ్చట ఉంది.

మేము కొందరం కరీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నం. సెలవులకు ఊరికి పోయినప్పుడు తిర్యాణి, కెరమెరి, జైనూర్ వైపు గూడేలల్ల పోడు కాగితాలు ఫోటోలు తీసి భద్రం చేసే పనిల సాయం చేస్తున్నం. అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆదివాసీలు 2005 డిసెంబర్ 13 కన్నా ముందు నుంచి భూమి మీద ఉన్నట్టు చూపాలె. మన పెద్దోళ్ల దగ్గర ఏముంటయి? పాత జరిమానా రసీదులు, చెదలు తిన్న పహాణీ నకళ్లు, ఇక పెద్దమనుషుల వాంగ్మూలాలు. అవే ఆధారం. తడిస్తే పోతయి, కాలితే పోతయి. అందుకే ఫోటోలు.

ఆ ఫోటోలన్నీ ఒక హార్డ్ డిస్క్‌ల పెట్టి మా చేతికి వచ్చినయి. ఫోల్డర్లకు పేర్లు పెట్టినాయన చాలా పద్ధతి గల మనిషి. మొదటి ఫోల్డర్‌కు చట్టం పూర్తి పేరే పెట్టిండు: "షెడ్యూల్డ్ తెగలు మరియు ఇతర సంప్రదాయ అటవీ వాసుల అటవీ హక్కుల గుర్తింపు చట్టం 2006". మేము లెక్కబెట్టినం, ఖాళీలతో కలిపి 79. ఆ పైన ఎవరో జిప్ ఫైల్ విప్పినప్పుడు ఫోల్డర్‌ల మళ్లీ అదే పేరుతో ఇంకో ఫోల్డర్ పడ్డది. దాని లోపల జిల్లా, జిల్లాల మండలం, మండలంల పంచాయతీ, పంచాయతీల గూడెం, గూడెంల కుటుంబం, చివరికి ఫోటో.

కరీంనగర్‌ల మేము వాడే ల్యాబ్‌ల ఉబుంటు ఉంటది. అక్కడ అన్నీ మంచిగ తెరుచుకున్నయి. అదే డిస్క్ ఉట్నూర్‌ల ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకపోతే, విండోస్ కంప్యూటర్‌ల పంచాయతీ కేంద్రం కుటుంబాల ఫోటోలు తెరుచుకున్నయి, కొలాం గూడెం ఫోటోలు తెరుచుకోలె. ఫోల్డర్ కనిపిస్తది, ఫైల్ పేరు కనిపిస్తది, నొక్కితే రాదు. ఫైల్ చెడిపోయింది, మళ్లీ గూడెం పోయి తీయాలె అన్నడు సెంటర్ ఆయన. వానాకాలంల వాగు దాటి పోవుడంటే మాటలా! అదీగాక ఒక వాంగ్మూలం ఇచ్చిన పెద్దాయన అప్పటికే లేడు.

ఫైల్ చెడిపోలేదు. దారి పొడుగైంది, అంతే.

విండోస్ ఒక ఫైల్‌కు పోయే పూర్తి దారిని మామూలుగా 260 అక్షరాల లోపలే పట్టుకుంటది. డ్రైవ్ అక్షరం, రెండు చుక్కలు, గీత కలిసి 3, దారికి 256, దారి ముగిసిందని చెప్పే కనిపించని గుర్తు 1. అంటే మన చేతికి వచ్చేది 259. మా డిస్క్‌ల లెక్క ఇట్లుంది. డ్రైవ్ 3. చట్టం పేరు రెండుసార్లు, గీతలతో 160. కుమురం భీం ఆసిఫాబాద్ 21. తిర్యాణి మండలం 15. ఇక్కడికే 199 అయిపోయింది. పంచాయతీ పేరుకు ఓ 16, కుటుంబం ఫోల్డర్‌కు 16, "పెద్దమనిషి వాంగ్మూలం" అనే ఫోటోకు 24. మొత్తం 255, గట్టెక్కింది. కొలాం గూడెం అయితే మధ్యల "కొలాంగూడ ఆవాసం" అని ఇంకో మెట్టు, 15. మొత్తం 270. ఆగిపోయింది.

ఈ ఒక్క మెట్టు దగ్గరే మేము చాలాసేపు కూసున్నం. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా ఉన్న తండాలు, గూడేలు సొంత పంచాయతీలు అయినయి. వాటి దారిల ఒక మెట్టు తగ్గింది. ఇరవై ఇండ్ల, ముప్పై ఇండ్ల కొలాం గూడెం మాత్రం ఇంకా ఎవరిదో పంచాయతీ కింద ఆవాసమే. రేషన్‌కు ఎట్లనో, అంగన్‌వాడీకి ఎట్లనో, ఈ డిస్క్‌ల కూడా అట్లనే చివర. యంత్రానికి మన మీద కోపమేం లేదు. లెక్క నిండంగనే ఆపుతది, నిండేది ఎప్పుడూ చివరోళ్ల దగ్గరే.

అంతకుముందే ఒక ఆఫీసుల ఇదే డిస్క్ కాపీ చేసుకున్నరట. కాపీ మధ్యల దారి పొడుగుందని కంప్యూటర్ అడిగితే "స్కిప్" నొక్కినట్టున్నరు. వాళ్ల జాబితాల కొలాం గూడెం కుటుంబాల ఎదురుగ "ఆధారాలు లేవు" అని పడ్డది. ఎవరూ అబద్ధం రాయలె. వాళ్ల ఫోల్డర్ నిజంగానే ఖాళీగ ఉంది.

ఇగ దీన్ని ఎట్ల దాటినమో చెప్తం. ఇక్కడ ఆదేశాలు పలికినట్టు రాస్తున్నం, కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలల్ల కొట్టాలె.

కంప్యూటర్‌ల పని చేసేటప్పుడు మనం ఎప్పుడూ ఏదో ఒక ఫోల్డర్‌ల "నిలబడి" ఉంటం. దాన్నే వర్కింగ్ డైరెక్టరీ అంటరు. లైనక్స్‌ల ఎక్కడున్నమో తెలుసుకునే ఆదేశం పీడబ్ల్యూడీ. (మన తాతలు పీడబ్ల్యూడీ అంటే రోడ్డు వేసే శాఖ అనుకునేటోళ్లు, ఇదీ దారి ముచ్చటే.) నిలబడ్డ చోటు మార్చేది సీడీ. దారి రెండు తీర్ల చెప్పొచ్చు. రాష్ట్రం, జిల్లా, మండలం అని పైనుంచి మొత్తం చెప్పుడు ఒకటి. "వాగు దాటినంక ఇప్పచెట్టు పక్కకు" అని నిలబడ్డ చోటు నుంచి చెప్పుడు ఇంకొకటి. గూడెంల ఎవరినన్నా దారి అడిగితే రెండోదే చెప్తరు. రెండు చుక్కలు కొడితే ఒక మెట్టు వెనక్కి, ఫోల్డర్ పేరు ఒక్కటి కొడితే ఒక మెట్టు లోపలికి.

లైనక్స్‌ల ఈ రెండో తీరు మస్తు పనికొస్తది. అక్కడ ఒక్కసారి చెప్పే దారికి హద్దు 4096 బైట్లు, కానీ అడుగు అడుగున సీడీ చేసుకుంట పోతే అంతకన్నా లోతుకు కూడా పోవచ్చు. నాగోబా జాతరకు ముందు మెస్రం వంశపోళ్లు గోదావరి నీళ్ల కోసం కేస్లాపూర్ నుంచి కలమడుగు దగ్గరి హస్తిన మడుగుకు నడిచిపోతరు కదా, అట్ల. ఇయ్యాల ఈ ఊరి దాక, రేపు ఆ ఊరి దాక.

విండోస్‌ల పాత నల్ల కిటికీల ఈ ఉపాయం నడవది. అడుగు అడుగున పోయినా, నిలబడ్డ చోటు పూర్తి దారి హద్దు దాటితే లోపలికి రానీయది. 2016ల వచ్చిన విండోస్ 10 మార్పుతో పొడుగు దారులు ఒప్పుకునే సెట్టింగ్ ఒకటుంది కానీ, దాన్ని తిప్పాలంటే కంప్యూటర్ యజమాని అధికారం కావాలె. పైగా తెరిచే సాఫ్ట్‌వేర్ కూడా దానికి ఒప్పుకోవాలె. ఇంటర్నెట్ సెంటర్‌ల మనకు ఆ అధికారం ఎవరిస్తరు?

మాకు పనికొచ్చింది సబ్‌స్ట్ అనే చిన్న ఆదేశం: ఎస్, యూ, బీ, ఎస్, టీ. చాలా పాతది, ఎవరి అనుమతీ అడగది. సబ్‌స్ట్ కొట్టి, ఖాళీ వదిలి, వాడకంల లేని ఒక డ్రైవ్ అక్షరం, రెండు చుక్కలు కొట్టి, మళ్లీ ఖాళీ వదిలి, మండలం ఫోల్డర్‌ను మౌస్‌తో లాగి నల్ల కిటికీల వదలాలె. దారి దానంతట అదే పడ్తది. నల్ల కిటికీల తెలుగు డబ్బాలు డబ్బాలుగ కనిపిస్తది, భయపడొద్దు, లోపల సరిగ్గనే ఉంటది. ఎంటర్ కొట్టంగనే ఆ మండలం ఫోల్డర్ కొత్త డ్రైవ్ లెక్క వస్తది. మేము జీ పెట్టినం. ఆ మండలం దాక 199 ఉన్న దారి 3కు దిగింది. కొలాం గూడెం వాంగ్మూలం 270 నుంచి 74కు వచ్చింది. నొక్కితే తెరుచుకుంది. చనిపోయిన ఆ పెద్దాయన వేలిముద్ర, కింద సాక్షుల సంతకాలు, అన్నీ ఉన్నయి.

సీడీతో వేరే డ్రైవ్‌కు పోవాలంటే సీడీ తర్వాత స్లాష్ డీ పెట్టాలె, లేకుంటే ఉన్నచోటే ఉంటరు. పేర్లు మొత్తం కొట్టే పని లేదు, ట్యాబ్ కీ నొక్కుకుంట పోతే ఒక్కొక్క పేరు వస్తది.

అక్షరాల లెక్క గురించి ఒక మాట. తెలుగుల రాస్తే దారి పొడుగైతదని కొందరు అంటరు. విండోస్‌ల అది నిజం కాదు. కుమురం భీం ఆసిఫాబాద్ తెలుగుల 20, ఇంగ్లీషుల 22. కానీ లైనక్స్ బైట్లల్ల కొలుస్తది. తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు, కాబట్టి అదే పేరు అక్కడ 56. ఒక ఫోల్డర్ పేరుకు 255 బైట్లు హద్దు, అంటే తెలుగుల 85 గుర్తులు. కంటికి ఒక్క అక్షరమైన "స్త్రీ" కంప్యూటర్‌కు 6 గుర్తులు.

మన గుంజాల గోండి లిపి 2018ల యూనికోడ్‌ల చేరింది. నార్నూర్ మండలం గుంజాలల దొరికిన రాతప్రతుల లిపి ఇవాళ ఫోల్డర్ పేరు కూడా కావొచ్చు. కాకపోతే ఒక్కొక్క అక్షరానికి 4 బైట్లు, విండోస్ లెక్కల రెండు. ముందు వచ్చిన లిపులకు రోడ్డు పక్క జాగ దొరికింది, మనది గుట్ట అవతల. లైనక్స్‌ల ఒక పేరుకు 63 అక్షరాలే పడ్తయి. గూడెం పేరుకు అది సరిపోతది. చట్టం పేరుకు సరిపోదు, ఆ చట్టం పేరు ఫోల్డర్‌కు ఎందుకు పెట్టాలె అసలు?

పేర్లు చిన్నగ చేద్దామంటే మాలో మాకే వాదన అయింది. గూడేలకు నంబర్లు ఇద్దాం, ఒకటి రెండు మూడు అని, పని అయిపోతది అన్నరు కొందరు. ఒక గూడెం పటేల్ ఒప్పుకోలె. మా గూడెం పేరు కాగితం మీదికి రానీకే ఇన్నేండ్లు పట్టింది, మీరు వచ్చి తీసేస్తరా అన్నడు. ఆయన మాట సరైనదే. తీసేయాల్సింది పైన ఉన్న సర్కారు పేరును, కింద ఉన్న మన పేరును కాదు. జిల్లా పేరు కూడా తీసేసినం. 2016 అక్టోబర్ 11న ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. మార్లవాయి జానెడు కదలలె, కానీ దాని దారి మారింది. రేపు మళ్లీ మారదని ఎవరు చెప్పగలరు? వాగులు, గుట్టలు, గూడేల పేర్లు అంత తొందరగ మారవు.

ఇప్పుడు డిస్క్‌ల మొదటి ఫోల్డర్ పేరు "పోడు". దాంట్ల మండలం, దాంట్ల నేరుగా గూడెం. పంచాయతీ ఏదో గూడెం ఫోల్డర్‌లనే ఒక చిన్న ఫైల్‌ల రాసిపెట్టినం. ఇప్పుడు కొలాంగూడ, పంచాయతీ కేంద్రం రెండూ ఒకే మెట్టు మీద ఉన్నయి. పాత డిస్క్‌ను మాత్రం అట్లనే ఉంచినం, ఎవరన్నా అసలు చూపియ్యమంటే ఉండాలె కదా. సబ్‌స్ట్ పెట్టిన డ్రైవ్ కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే పోతది, మళ్లీ కొట్టుకోవాలె. అందుకే ఆ ఒక్క వరుస పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో అట్ట ముక్క మీద రాసి పాత డిస్క్ సంచిల పెట్టినం. ఆఫీసుకు కొత్త కాపీ ఇచ్చి, ఫైళ్ల సంఖ్య మా దగ్గర ఎంతుందో వాళ్ల దగ్గర అంతే ఉందని వాళ్ల ముంగటనే చూసుకొని వచ్చినం. కెరమెరి వైపు ఫోటోలు ఇంకా పాత పేర్లతోనే ఉన్నయి. దసరా సెలవులల్ల వచ్చేటోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి, ల్యాప్‌టాప్ లేకున్నా సరే, పేర్లు చదివి చెప్పే మనిషి కావాలె.