డెవిల్స్ బెండ్ దగ్గర ఒక ఆదివారం

మావాడు ఫోన్లో ఒక హాట్ రాడ్ కారు ఫోటో పట్టుకుని వదలడం లేదు. పాతకాలం రేసు కారులా తీర్చిదిద్దారు. బానెట్ మీద తోలు పట్టీలు, పక్కకి పొడుచుకొచ్చిన సైలెన్సర్ గొట్టాలు, వరసగా రివెట్లు... ఎంత ఓపికో! మావారైతే కళ్లు తిప్పుకోలేదు.

“పదండి, అలాంటివి నిజంగా పరిగెత్తిన చోటు చూపిస్తా” అని ఓల్డ్ అప్పర్ థామ్సన్ రోడ్డుకి తీసుకెళ్లాను. 1961 నుంచి 1973 దాకా గ్రాండ్ ప్రీ ఈ రోడ్డు మీదుగానే జరిగేది. ఒక చుట్టు దాదాపు 4.8 కిలోమీటర్లు. మొదటి ఏడాది గెలిచింది ఒక ఆస్టన్ మార్టిన్. ఇప్పుడు అడవి, కోతులు, అంతే.

డెవిల్స్ బెండ్ దగ్గర నిలబడితే డిగ్రీలో చదివిన ఫిజిక్స్ గుర్తొచ్చింది. వేగం రెట్టింపైతే మలుపులో టైరుకి నాలుగింతల పట్టు కావాలి. పైగా ఇక్కడి వానలు మీకు తెలుసుగా! ఈ రేసుల్లో ప్రాణాలే పోయాయి.

అప్పట్లో ఆ తోలు పట్టీ సోకు కాదు, బానెట్ ఎగిరిపోకుండా కట్టింది. ఫోటోలోది అందంగానే ఉంది, కాదనను. కానీ భయం తీసేసి అందం ఒక్కటే ఉంచుకున్నట్టుంది.

“అమ్మా, పెద్దయ్యాక నాకు ఇలాంటిది కొంటావా?”

“ముందు బ్రేకులెక్కడున్నాయో చూపించరా.”

వాడు ఫోటో పెద్దది చేసి ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.