ధావనంలో శ్రవణం

ఆత్మదర్శనానికి శ్రవణ, మనన, నిదిధ్యాసనలు సాధనాలని వేదాంతం ఉపదేశిస్తున్నది. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్య మహర్షి మైత్రేయికి చెప్పిన క్రమం ఇదే. పూర్వం శిష్యుడు సమిత్పాణియై గురుసన్నిధిని చేరి, పాదమూలమున కూర్చుండి వినేవాడు. నేడు ఉపనిషద్భాష్య ప్రవచనాలు, గీతా వ్యాఖ్యానాలు, పురాణాల శ్రవ్యగ్రంథాలు చరవాణిలో ఇమిడిపోయినవి. ఉషఃకాలంలో ఇయర్‌ఫోన్లు ధరించి, పరుగు తీస్తూ వాటిని వినే జిజ్ఞాసువులు నగరాలలో కనిపిస్తున్నారు. ఇది శ్రవణమగునా, కాదా అన్నది విచారణీయం.

ముందుగా పూర్వపక్షం. శబ్దం చెవిన పడినంత మాత్రాన దానిని శాస్త్రం శ్రవణమనదు. ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి అనే ఆరు లింగాల చేత వేదాంతవాక్యాలకు అద్వితీయవస్తువునందే తాత్పర్యమని నిశ్చయించుకొనుట శ్రవణమని సదానందయోగి వేదాంతసారంలో నిర్వచించారు. ప్రకరణం ఎక్కడ మొదలైనదో, ఎక్కడ ముగిసినదో, నడుమ ఏ మాట మరల మరల వచ్చినదో గమనించినవానికే ఈ నిశ్చయం కలుగుతుంది. ఎదుట వచ్చే వాహనాన్ని, కాలి క్రింది గుంటను, చేతి గడియారంలోని వేగాన్ని చూచుకొనేవానికి అది ఎట్లు సాధ్యం? మనస్సు వేరొకచోట ఉన్నప్పుడు చెవి తెరచియున్ననూ మానవుడు వినలేడని బృహదారణ్యకమే చెప్పుచున్నది. పైగా కొందరు త్వరగా ముగించవలెనని ప్రవచనాన్ని ఒకటిన్నర రెట్ల వేగంతో వింటారు. అప్పుడు భాష్యకారుల ఆక్షేపమేదో, సమాధానమేదో తెలియకుండానే ప్రకరణం దాటిపోతుంది.

ఈ వాదం బలమైనదే. అయితే చలనం ఏకాగ్రతకు శత్రువని దీనివలన సిద్ధించదు. ఐతరేయ బ్రాహ్మణంలోని శునఃశేపోపాఖ్యానంలో ఇంద్రుడు రోహితుని ఒకచోట నిలువవద్దని, సంచరించుమని పదే పదే ప్రేరేపిస్తాడు. తిరుమల మెట్లెక్కే భక్తుని పాదం కదులుతుంది, నాలుకపై నామం నిలుస్తుంది. ఆషాఢపౌర్ణమి సందర్భంగా సింహాచలంలో 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసేవారి సంగతీ అంతే. ఇక ప్రవచనమందిరంలో పద్మాసనం వేసి కూర్చున్నవాని మనస్సు ఆ గంటలో ఎన్ని ఊళ్ళు తిరిగివచ్చునో వానికే తెలియాలి. మితవేగంతో సాగే పరుగులో ప్రాతఃకాలపు తమస్సు తొలగుతుంది, శ్వాస ఒక లయకు వస్తుంది, దేహంలోని రజస్సుకు పని దొరుకుతుంది. అట్టి స్థితిలో విన్న మాట కొన్నిసార్లు కూర్చుండి విన్నదానికంటె లోతుగా నాటుకొంటుంది.

విశాఖపట్నంలో ఒక గృహస్థు తండ్రి గతించిన ఏట కఠోపనిషత్తు ప్రవచనాలను వినడం ఆరంభించాడు. ఉద్యోగము, సంసారము పోగా ఆయనకు మిగిలేది తెల్లవారుజామున పరుగు తీసే సమయమే. సముద్రతీరపు రహదారిపై కాళీమాత ఆలయం వద్ద బయలుదేరి ఉత్తరంగా సాగడం ఆయన నిత్యకృత్యం. తండ్రి మనస్సు శాంతించాలని నచికేతుడు కోరిన మొదటి వరము, స్వర్గసాధనమైన అగ్నివిద్యను అర్థించిన రెండవ వరము కొన్నాళ్ళలో ముగిసినవి. ఒకనాడు కురుసుర జలాంతర్గామి సమీపిస్తుండగా మూడవ వరం వచ్చింది. మరణించినవాడు ఉన్నాడా, లేడా? ప్రవచనకర్త ఆ ప్రశ్నను ఒక్కసారి పలికి యముడు చూపిన ప్రలోభాలలోనికి సాగిపోయాడు. ఈయన కాళ్ళు మాత్రం తమంతట తామే మందగించి నిలిచిపోయాయి.

ఆయన ప్రవచనాన్ని ఆపి గట్టుపై కూర్చున్నాడు. అంతవరకు వినబడని కెరటాల ఘోష వినవచ్చింది. అపరకర్మలు జరిగిన పన్నెండు రోజులలో తిలలు, దర్భలు, దానాలు, వచ్చిపోయే బంధువులు ఇవే ఆయన మనస్సును నింపినవి. తండ్రి ఇప్పుడు ఉన్నాడా అన్న ప్రశ్నను అడుగుకొనే వ్యవధి దొరకలేదు. ఆ ఉదయం అది ఆయన సొంత ప్రశ్న అయింది. తరువాత పది దినాలు ఆయన ఆ ప్రవచనంలో ముందుకు పోలేదు, ఆ భాగాన్నే వింటూ వచ్చాడు. నేటికీ ఆ జలాంతర్గామి కంటబడగానే నచికేతుని ప్రశ్న ఆయనకు తనంతట తాను స్ఫురిస్తుంది. సంబంధం కల రెండింటిలో ఒకదాని జ్ఞానం రెండవదానిని స్మరింపజేస్తుందని తార్కికులు చెప్పేది ఇదే.

ఇక్కడ సిద్ధాంతం తేలుతున్నది. పరుగులో విన్నది శ్రవణానికి ద్వారం కాగలదు. ఆ ద్వారం దాటించేది మాత్రం ఆగడమే. గీతోపదేశం యుద్ధభూమిలో జరిగినదని అందరూ స్మరిస్తారు, ఆ సమయాన రథం ఉభయసేనల మధ్య నిలుపబడియున్నదని కొందరే గమనిస్తారు. పదునెనిమిదవ అధ్యాయం చివర భగవానుడు అర్జునుని అడిగినది కూడా, ఏకాగ్రచిత్తంతో విన్నావా, నీ మోహం నశించినదా అనియే. ఎన్ని అధ్యాయాలు ముగిసినవన్న లెక్క అక్కడ లేదు.

కనుక ఇట్లు వినదలచిన సాధకునికి కొన్ని నియమాలు ఉపకరిస్తాయి. ఆనాడు వినబోయే మంత్రాన్ని, తాత్పర్యాన్ని ఇంటివద్ద ఒకసారి చదువుకొని బయలుదేరాలి. ప్రవచనాన్ని దాని సహజవేగంతోనే వినాలి. పక్కవానితో ఆయాసపడక మాట్లాడగలిగినంత నిదానంగా పరుగు సాగాలి, శ్వాస కోసం పెనుగులాడే మనస్సుకు అర్థం అందదు. వాహనాలు తిరిగే చోట ఒక చెవిని ఖాళీగా ఉంచుకోవాలి, ధర్మసాధనమైన దేహాన్ని రక్షించుకోవడం కూడా ధర్మమే. స్వరసహిత వేదపారాయణను ఇంటివద్ద శుచిగా కూర్చుండి వినడం ఉచితం. అన్నిటికంటె ముఖ్యమైనది తిరుగుప్రయాణం. వెళ్ళేటప్పుడు విన్నదానిని వచ్చేటప్పుడు ఏమీ వినకుండా తలపోసుకొంటే ఆ సగం దారి మననమవుతుంది. స్నానానంతరం పది నిమిషాలు ఆ ఒక్క భావంతో కూర్చుంటే నిదిధ్యాసనకు నాంది పడుతుంది. ఈ క్రమంలో ఒక ఉపనిషత్తుకు సంవత్సరం పట్టినా విచారించనవసరం లేదు.