కప్పు పిండి బరువెంత?

మా ఆవిడ చేసిన కేకు రెండుసార్లు ఇటుకలా వచ్చింది. మా అక్కయ్య చూసి, "నీ హస్తవాసి ఓవెనుకి పడదులే" అని నవ్వేసింది. మా ఆవిడ నవ్వలేదు. ఓవెను మీద పాత చీరముక్క కప్పేసింది. హేతువాదినని చెప్పుకు తిరిగే నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి పంపిన రెసిపీలో "రెండు కప్పుల మైదా" అని ఉంది. రక్షణ శాఖ అకౌంట్స్‌లో పనిచేసినవాణ్ణి, రేషను లెక్కల్లో పిండిని కిలోల్లో తప్ప కప్పుల్లో చూసి ఎరగను. ఎలక్ట్రానిక్ త్రాసు కొన్నాను. చెంచాతో వదులుగా పోసి అంచుకి సమంగా గీస్తే 127 గ్రాములు. మా ఆవిడ అలవాటు ప్రకారం డబ్బాలో ముంచి తీస్తే 155! పైగా మా కప్పు 250 మిల్లీలీటర్లది, అమెరికా వాళ్ళది సుమారు 237. వాళ్ళ లెక్కలో కప్పు మైదా 120 గ్రాములు. అంటే రెండు కప్పులకి 70 గ్రాములు ఎక్కువ పడుతోంది. పంచదార, పాలు అలా కుదించుకోవు కదా, వాటికంటే పిండే బాగా ఎక్కువ పెరిగి కేకు బిగిసిపోయింది.

మా అమ్మ అరిసెలకి బియ్యాన్నే మానికతో కొలిచేది, దంచిన పిండిని కాదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

240 గ్రాములు తూచి చేస్తే కేకు పొంగింది. ఒక్కసారికే రుజువైపోయిందా అంటారు మీరు. అందుకే మళ్ళీ చేయించాను, మళ్ళీ పొంగింది. అక్కయ్యకి ఓ ముక్క పంపితే, "ఈసారి చెయ్యి కుదిరిందే" అందిట.